నమ్మినబంటు చేతిలో విస్కీ సీసా

పోయిన నెలలో ఓ శనివారం వాన వదలకుండా పడుతుంటే ఎక్కడికీ కదల్లేక, అరవింద్ అడిగ నవల 'ది వైట్ టైగర్' మళ్ళీ చదివాను. మొదటిసారి చదివింది ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో. హాస్టల్లో ఎవరి దగ్గరో అరువు తెచ్చుకుని రెండు రాత్రుల్లో లాగించేశాను. అప్పుడు పడీ పడీ నవ్వాను. ఈసారీ నవ్వొచ్చింది. కాకపోతే కొన్నిచోట్ల ఆ నవ్వు గొంతుదాకా వచ్చి అక్కడే కూర్చుండిపోయింది. పుస్తకంలో అక్షరం మారలేదు కదా, మరి మధ్యలో ఏం జరిగిందా అని ఆలోచిస్తే... ఆరేళ్ళ ఉద్యోగం, ఆరేళ్ళుగా ఎవరో తోలుతున్న బండిలో వెనక సీట్లో కూర్చోవడం. అంతే.

చదవనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా. (కథ చెప్పేస్తున్నానని తిట్టుకోకండి. హంతకుడే మొదటి రాత్రి అసలు విషయం చెప్పేస్తాడు, ఇక నాదేముంది!) బలరాం హల్వాయి అనేవాడు గయ జిల్లాలో ఓ పల్లెటూళ్ళో రిక్షా తొక్కే ఆయన కొడుకు. బళ్ళో చురుగ్గా ఉన్నాడని ఇన్‌స్పెక్టరు మెచ్చుకుని 'తెల్లపులి' అని పేరు పెడతాడు, అడవిలో తరానికొక్కటి పుట్టే జంతువని. ఆ తెల్లపులిని, ఇంట్లో ఆడపిల్ల పెళ్ళికి చేసిన అప్పు తీర్చడానికి బడి మాన్పించి, టీ కొట్లో బొగ్గులు కొట్టే పనిలో పెడతారు. ధన్‌బాద్ వెళ్ళి కారు నడపడం నేర్చుకుంటాడు. సొంతూరి భూస్వామి ఇంట్లోనే డ్రైవరుగా చేరి, అమెరికా నుంచి తిరిగొచ్చిన ఆయన కొడుకు అశోక్‌తో పాటు గుర్‌గావ్ చేరతాడు. ఒకరోజు రాత్రి విస్కీ సీసా పగలగొట్టి అదే అశోక్‌ని చంపేసి, లంచాల కోసం మోసుకెళ్తున్న ఎర్ర సంచీలోని 7 లక్షలు పట్టుకుని బెంగుళూరు పారిపోతాడు. అక్కడ ఏం వ్యాపారం పెడతాడో చెప్పుకోండి... కాల్‌సెంటర్ల ఉద్యోగులకి రాత్రిపూట క్యాబులు నడిపే వ్యాపారం. అంటే మన వెండారు!

ఈ కథంతా బెంగుళూరు రాబోతున్న చైనా ప్రధాని వెన్ జియాబావోకి రాత్రుళ్ళు కూర్చుని వివరిస్తుంటాడు. నెత్తి మీద షాండ్లియరు, ముందు లాప్‌టాపు. భారతదేశపు పారిశ్రామికవేత్తల విజయరహస్యాలు తెలుసుకోవడానికి ఆయన వస్తున్నాడని రేడియోలో విని, "అసలు రహస్యం మీకెవరూ చెప్పరు, నేను చెప్తాను" అన్న ధోరణిలో మొదలెడతాడన్నమాట. వెన్ జియాబావో 2005 ఏప్రిల్‌లో నిజంగానే బెంగుళూరు వచ్చాడు. మన సాఫ్ట్‌వేర్ కంపెనీలు చూసి వెళ్ళాడు. ఆయనకి ఇలాంటి ఉత్తరం ఎవరైనా రాసుంటే ఎంత బాగుండేదో.

నవల 2008లో వచ్చింది. అదే ఏడాది అక్టోబర్లో బుకర్ బహుమతి కొట్టేసింది, అడిగకి ఇదే మొదటి నవల. మద్రాసులో పుట్టి, మంగుళూరులో పెరిగి, కొలంబియాలోనూ ఆక్స్‌ఫర్డ్‌లోనూ చదువుకుని, 'టైమ్' పత్రికకి విలేకరిగా పనిచేసినాయన. ఈ బయోడేటా గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పనుంది.

మనకి నేర పరిశోధన నవలలు కొత్త కాదు. మా తాతయ్య ట్రంకు పెట్టెలో కొమ్మూరి సాంబశివరావు పుస్తకాలుండేవి. శవం దొరుకుతుంది, డిటెక్టివ్ యుగంధర్ వస్తాడు, హంతకుడు దొరుకుతాడు, మనం అన్నం తిని పడుకుంటాం. ప్రపంచం చెదిరి, మళ్ళీ సర్దుకుంటుంది. 'వైట్ టైగర్' ఈ లెక్కని తలకిందులు చేస్తుంది. శవం ఎవరిదో తెలుసు, చంపిందెవరో తెలుసు. పోలీసు స్టేషన్లో వాడి బొమ్మతో పోస్టరు కూడా ఉంది. అయినా ఎవరూ పట్టుకోరు, ఎందుకంటే ఆ పోస్టరు వేసిన శాఖకే వాడు నెలనెలా మామూళ్ళిస్తున్నాడు. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే, ఎందుకు చంపాడు? అదైనా డబ్బు కోసమే అని తేలిపోయుంటే గొడవ లేకపోను.

నేర కథల మీదే నవల్లో ఒక గొప్ప చురక ఉంది. గుర్‌గావ్ మాల్ బయట యజమానుల కోసం ఎదురుచూస్తూ డ్రైవర్లంతా చదివే పత్రిక ఒకటుంటుంది, నిండా హత్యలే. నౌకరు యజమానురాలిని చంపడం వగైరా. మరి కార్ల యజమానులు భయపడరా అంటే, ఎందుకూ భయం? ఆ కథల్లో హంతకుడు ఎప్పుడూ పిచ్చివాడో కాముకుడో అయ్యుంటాడు, చివరికి దొరికిపోతాడు. చదివిన డ్రైవరు "ఛీ, నేనలాంటివాణ్ణి కాదు" అనుకుని బుద్ధిగా కారు తుడుచుకుంటాడు. డ్రైవరు హత్యల పత్రిక చదువుతున్నప్పుడు కాదట, మంచి పుస్తకాలు చదవడం మొదలెట్టినప్పుడు భయపడాలట. ఇది చదివాక మా తాతయ్య ట్రంకు పెట్టెని ఇదివరకటి కళ్ళతో చూడలేకపోతున్నాను :)

నవ్వించే సామాను ఇందులో బోలెడు. ఒకటి మాత్రం చెప్పకుండా ఉండలేను. మంత్రులకి లక్షలకి లక్షలు లంచాలు సమర్పించుకుంటున్న రోజుల్లో అశోక్ అన్నగారి జేబులోంచి ఒక రూపాయి బిళ్ళ కార్లో పడిపోతుంది. డ్రైవరుని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి వెతికిస్తాడు. ఎంతకీ దొరకదు. చివరికి బలరాం తన జేబులో రూపాయి తీసి, దొరికిందని ఇచ్చేస్తాడు, ఆయన పసిపిల్లాడిలా సంతోషపడతాడు. మా ఆఫీసులో కోట్ల ప్రాజెక్టు రాత్రికి రాత్రి అటకెక్కించిన పెద్దమనిషి 180 రూపాయల టిఫిన్ బిల్లుకి అసలు రశీదేదని మూడు మెయిళ్ళు పెట్టడం చూశాక, ఈ సన్నివేశం అతిశయోక్తి అని నేనైతే అనను.

బలరాం మాట్లాడే తీరు ఇంకో ఎత్తు. ఎయిర్‌పోర్టుల్లో అమ్మే "పది సూత్రాల్లో విజయం" పుస్తకాల భాషలో ఒక హత్యని వివరిస్తాడు. చొరవ, రిస్కు, సరైన సమయంలో సరైన నిర్ణయం... అన్నీ ఉంటాయి, మధ్యలో ఒక పీక తెగుతుంది. నవల వచ్చిన నాటికి ఈ భాష పుస్తకాలకే పరిమితం. ఇప్పుడు లింక్డిన్ తెరిస్తే చాలు. "మా క్యాబ్ డ్రైవర్ దగ్గర నేను నేర్చుకున్న ఐదు నాయకత్వ పాఠాలు" అని వారానికొకరు రాస్తుంటారు. ఆ డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడో ఒక్కరూ రాయరు.

అన్నట్టు, బుకర్ వచ్చిన మూడు నెలలకే మన హైదరాబాద్ నుంచి ఇంకో ఉత్తరం బయటకొచ్చింది. 2009 జనవరి 7. నేనప్పుడు ఆరో తరగతి, టీవీలో రోజంతా అదే వార్త. ఉన్నాయని లెక్కల్లో చూపించిన 5,040 కోట్ల నగదు అసలు లేనే లేదని సత్యం రామలింగరాజు బోర్డుకి రాసిన ఉత్తరం అది. పులి మీద స్వారీ చేస్తున్నట్టైందనీ, దానికి ఆహారం కాకుండా ఎలా దిగాలో తెలియలేదనీ అందులో రాశాడాయన. ఒక పారిశ్రామికవేత్త, ఒక ఒప్పుకోలు ఉత్తరం, ఒక పులి! రచయిత కల్పిస్తే "మరీ ఇంత యాదృచ్ఛికమా" అని ఎడిటరు కొట్టేసేవాడు. 2013లో కంపెనీ టెక్ మహీంద్రాలో కలిసిపోయింది, 2015 ఏప్రిల్‌లో కోర్టు ఆయనకి 7 ఏళ్ళ శిక్ష వేసింది, తర్వాతి నెలలోనే అప్పీలు మీద బెయిలొచ్చింది. రెండు ఉత్తరాలకీ పెద్ద తేడా ఒకటుంది. రాజుగారు దిగడం తెలియలేదన్నారు. బలరాంకి దిగే ఉద్దేశమే లేదు.

సరే, అసలు విషయానికొస్తాను. ఎందుకు చంపాడు, అందులోనూ అశోక్‌నే ఎందుకు?

ఆ కుటుంబంలో చంపదగ్గవాళ్ళు చాలామందే ఉన్నారు. ఊళ్ళో ప్రతి పనికీ పన్ను గుంజే తండ్రి ఉన్నాడు. రూపాయి బిళ్ళ వెతికించే అన్న ఉన్నాడు. వాళ్ళతో పోలిస్తే అశోక్ దేవుడు. తిట్టడు, కొట్టడు. బలరాం ఉండే గది చూసి నొచ్చుకుంటాడు. కులాల గొడవ పట్టదు. అప్పుడప్పుడూ వాడితో పాటు చిన్న హోటల్లో కూర్చుని తినాలని సరదా పడతాడు. అమెరికాలో చదివిన సున్నితమైన మనిషి. నిజం చెప్పాలంటే మన ఆఫీసుల్లో మనమంతా మెచ్చుకునే రకం. చంపబడేది ఆయన. పెద్దాయనా, అన్నా నిక్షేపంలా ఉంటారు.

హాస్టల్లో చదివినప్పుడు ఇది కథలో లోపమనుకున్నాను. ఇప్పుడు ఇదే కథకి వెన్నెముక అనిపిస్తోంది. చెడ్డ యజమాని దగ్గర నౌకరుకి ఆశ ఉండదు. తిడతాడు, తింటాడు, లెక్క సరిపోయింది. మంచి యజమాని ఆశ పెడతాడు, మాటల్తో కాదు, ఉట్టి మంచితనంతోనే. "ఈయన వేరే" అనిపిస్తాడు. ఆ ఆశకి పరీక్ష వచ్చే రోజొకటి ఉంటుంది. ఆ రోజు మంచాయన ఏం చేస్తాడన్నదే ఈ నవలంతా.

ఆ రోజు వస్తుంది. అశోక్ భార్య పింకీ పుట్టినరోజు రాత్రి, తాగి స్టీరింగు తీసుకుని, రోడ్డు పక్క బతికే ఓ పిల్లని గుద్దేస్తుంది. మర్నాడు వకీలు ఒక కాగితం తయారుచేస్తాడు. కారు నడిపింది నేనే, తప్పంతా నాదే, బండిలో ఇంకెవరూ లేరు అని బలరాం చేత సంతకం పెట్టిస్తారు. సాక్షిగా ఎవరి వేలిముద్రో తెలుసా? ఊళ్ళో ఉన్న వాడి నానమ్మది! మనవడు జైలుకెళ్ళడానికి ముందే అక్కడ ఒప్పందం అయిపోయింది. ఈ దృశ్యంలో అన్న నవ్వుతూ "నువ్వు మా కుటుంబంలో వాడివిరా" అన్న ధోరణిలో మాట్లాడతాడు. అశోక్? అశోక్ అక్కడే ఉంటాడు. బాధపడుతుంటాడు. నోరు మెదపడు.

చివరికి ఎవరూ ఫిర్యాదు చెయ్యకపోవడంతో కేసే ఉండదు. జైలూ తప్పుతుంది. కానీ ఆ సంగతి బలరాంకి చెప్పాలని కూడా ఎవరికీ తోచదు. ఏదో సర్వర్ ఇష్యూ క్లోజ్ చేసి, రిపోర్ట్ చేసినవాడికి మెయిలు పెట్టడం మర్చిపోయినట్టు. పింకీ తట్టుకోలేక ఓ అర్ధరాత్రి అమెరికా వెళ్ళిపోతుంది. వెళ్తూ డ్రైవరు చేతిలో ఒక కవరు పెడుతుంది, అందులో 4,700 రూపాయలు. ఈ అంకె ఎందుకని బలరాం చేసే విశ్లేషణ ఉంది చూశారూ, అదొక్కటి చాలు పుస్తకం ఖరీదుకి. పదివేలిద్దామనుకుని, మళ్ళీ తగ్గించుకుని, ఇంకాస్త తగ్గించుకుని... అపరాధభావం కూడా బేరమాడుకుంటుందన్నమాట.

ఇక్కడే నా నవ్వు ఆగింది. ఎందుకంటే ఆ కాగితం లాంటిది నేను చేత్తో పట్టుకుని చదివాను.

రెండేళ్ళ క్రితం, అప్పుడు చేస్తున్న కంపెనీలో రాత్రి డ్రాపుకి తరచూ ఒకే డ్రైవరు వచ్చేవాడు. వనపర్తి వైపు ఆయన, నా కంటే పదేళ్ళు పెద్ద. బండి సొంతమే గానీ నెలనెలా ఫైనాన్సు కట్టాలి. పాత పాటలంటే ఇష్టం. ఒకరోజు గచ్చిబౌలి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, సన్‌వైజరు వెనక నుంచి మడత పెట్టిన కాగితాలు తీశాడు. "సార్, జర ఇదేం రాసిండ్రో చూసి చెప్తరా?" అన్నాడు. నాలుగు పేజీలు, మొత్తం ఇంగ్లీషు. ట్రాన్స్‌పోర్టు వెండారు ఇచ్చింది. ఫోన్ లైటు వేసుకుని చదివాను. పది నిముషాలు ఆలస్యమైతే ఇంత కోత. జీపీఎస్ పెట్టె పాడైతే ఖరీదు నీది. చలాన్లు నీవి. ఏదైనా ప్రమాదం జరిగితే బాధ్యత మొత్తం నీదే, వెండారుకీ కంపెనీకీ ఏ సంబంధమూ లేదని నువ్వు ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నావు. ఇలా సాగింది. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. ఆయన తలూపుతూ విన్నాడు. అంతా అయ్యాక, "అన్నా, దీని మీద మాత్రం తొందరపడి సంతకం పెట్టకు, ఎవరైనా లాయర్‌కి చూపించు" అన్నాను.

"సంతకం మొన్ననే పెట్టిన సార్. పెట్టకపోతే బండి ఆపుతమన్నరు. పెట్టినంక, ఏం పెట్టిన్నో తెల్వాలె గదా అని అడిగిన" అని నవ్వాడు.

సిగ్నల్ పడింది. పాట పెంచాడు.

ట్రాన్స్‌పోర్టు టీంలో నాకు తెలిసినాయన్ని కలిసి ఇదేంటని అడిగాను కూడా. చాలా మర్యాదస్తుడు, తనే టీ ఇప్పించి, "అది స్టాండర్డ్ టెంప్లేట్ బ్రదర్, ఎవరూ అమలు చెయ్యరులే" అన్నాడు. ఒట్టేసి చెప్తున్నా, ఆయన మంచివాడే. అడిగ నవల్లో అశోక్ కూడా దాదాపు ఈ గొంతుతోనే మాట్లాడతాడు. చెడు చేసేవాడు ఒక్కడు చాలు. అది జరిగిపోవడానికి చుట్టూ పదిమంది మంచివాళ్ళు కావాలి, నొచ్చుకుంటూ. నవల మంట పెట్టేది అక్కడ.

మన సంస్కృతిలో నమ్మినబంటుకి ఎంత పెద్దపీట వేశామో చూడండి. ఆ పేరుతో నాగేశ్వర్రావు సినిమా ఉంది. పాత సినిమాల్లో అయ్యగారి కుటుంబం కోసం ప్రాణాలిచ్చే రామయ్యలు లెక్కలేనంతమంది. ఉప్పు తిన్న విశ్వాసం, తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం... మన భాషలో నౌకరు చేసే ద్రోహానికి సామెతలున్నాయి, యజమాని చేసే ద్రోహానికి వెంటనే గుర్తొచ్చే సామెత ఒక్కటి చెప్పండి? బలరాం కూడా హనుమంతుడి బొమ్మలు చూస్తూ పెరిగినవాడే, విశ్వాసపాత్రుడైన సేవకుడంటే ఎలా ఉండాలో చూపించడానికే ఆయన్ని కొలవమంటారని ఎకసెక్కమాడతాడు. పాత ఢిల్లీ కోళ్ళ గంపల గురించి చెప్పేదీ అదే. పక్క కోడిని కోస్తుంటే చూస్తూ కూడా మిగతావి గంపలోంచి దూకవు. గంపకి తలుపు అక్కర్లేదు, కుటుంబమే తలుపు. పారిపోతే ఊళ్ళో ఉన్నవాళ్ళందర్నీ చంపేస్తారని ప్రతి కోడికీ తెలుసు.

నవల్లో అన్నిటికంటే నల్లటి చోటు ఇదే. బలరాం తెలిసే దూకుతాడు. వాడు తిన్న ఏడు లక్షలకీ వాడి అన్న, నానమ్మ, పిల్లలు ఏ ధర చెల్లించుంటారో వాడికి తెలుసు. దాన్ని రెండు మాటల్లో దాటేస్తాడు, మనమూ దాటేస్తాం, ఎందుకంటే అప్పటికి వాడి జోకులకి అలవాటు పడిపోయాం. గిరీశాన్ని ఇష్టపడటం వేరు, వీణ్ణి ఇష్టపడటం వేరు. వీడు పీడితుల నాయకుడని కొందరు మురిసిపోవడం నేను విన్నాను. నాకలా కనిపించలేదు. వీడు గంప పగలగొట్టలేదు, తనొక్కడే బయటపడి కోళ్ళ వ్యాపారంలో దిగాడు.

లోపాల్లేవా అంటే ఉన్నాయి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న బయోడేటా ఇక్కడ పనికొస్తుంది. బలరాంకి ఇంగ్లీషు రాదు. 'పిజ్జా' పలకడం రాలేదని యజమానులు నవ్వుతారు. కానీ నవలంతా ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన విలేకరి చమత్కారంతో నడుస్తుంది. ఈ గొంతు ఆ మనిషిది కాదని చరిత్రకారుడు సంజయ్ సుబ్రహ్మణ్యం 2008లోనే 'లండన్ రివ్యూ ఆఫ్ బుక్స్'లో విమర్శించారు, అందులో న్యాయం ఉంది. ఈ మాట తెలుగువాళ్ళకి ఇంకా బాగా అర్థమవుతుంది, ఎందుకంటే మనకి రావిశాస్త్రి ఉన్నాడు. విశాఖపట్నంలో వకీలుగా చేస్తూ సారా అమ్మేవాళ్ళనీ, జేబుదొంగల్నీ, పోలీసుల్నీ, ప్లీడర్లనీ కళ్ళారా చూసి, వాళ్ళ నోట వాళ్ళ మాటే పలికించినాయన. 'ఆరు సారా కథలు' చదివితే నేరమూ చట్టమూ ఒకే గదిలో కాపురం ఎలా చేస్తాయో తెలుస్తుంది, కడుపుబ్బ నవ్వుకుంటూ మరీ. పతంజలి 'ఖాకీవనం' సంగతి సరేసరి. వాళ్ళ మనుషులు మాట్లాడుతుంటే ఊరి పేరు చెప్పక్కర్లేదు. బలరాం మాట వింటే ఊరు వినబడదు. ఇది చిన్న లోటేం కాదు.

కాకపోతే "విదేశాల్లో మన పరువు తీశాడు, పేదరికం అమ్ముకున్నాడు" అనే వాదనకి మాత్రం నేను ఒప్పుకోను. మా టీంలో ఒకాయన లంచ్‌లో అరగంట ఇదే చెప్పాడు. పరువు గురించి బెంగ అంతా పుస్తకం మీదే గానీ, అందులో రాసిన ఆస్పత్రి మీద కాదు. డాక్టరు రాని సర్కారు ఆస్పత్రి వరండాలో బలరాం తండ్రి క్షయతో చచ్చిపోయే ఘట్టం చదివి, ఇలాంటిది మన దేశంలో లేదని ఎవరైనా అంటే, వాళ్ళ ఊరెక్కడో నాకు చెప్పండి, వచ్చి స్థిరపడతాను.

అంతకంటే బలమైన అభ్యంతరం మా టీంలో ఒక అమ్మాయి చెప్పింది. పుస్తకం నా దగ్గరే తీసుకుని చదివి తిరిగిస్తూ, "మీకు నవ్వు ఎక్కడ వచ్చిందో నాకర్థమైంది. నాకు మాత్రం రాత్రి క్యాబ్ అంటే ముందు గుర్తొచ్చేది డ్రైవర్ పడే బాధ కాదు, డోర్ లాకు" అంది. ఆమె అన్నదాంట్లో చరిత్ర ఉంది. 2005 డిసెంబర్లో బెంగుళూరులో నైట్ షిఫ్టుకి బయల్దేరిన కాల్‌సెంటర్ ఉద్యోగినిని క్యాబ్ డ్రైవరే హత్య చేశాడు. అలాంటి సంఘటనల వల్లే ఆడవాళ్ళున్న రాత్రి క్యాబుల్లో ఎస్కార్టులు, పానిక్ బటన్లు వచ్చాయి. ఆ తర్వాత మూడేళ్ళకి వచ్చిన నవల, అదే ఊళ్ళో అదే వ్యాపారం గురించి రాస్తూ, వెనక సీట్లో కూర్చున్న అమ్మాయి భయాన్ని ఒక పేజీ కూడా పట్టించుకోలేదు. ఆడవాళ్ళంతా డబ్బు గుంజే నానమ్మలో, పొట్టి గౌన్ల మేడమ్‌లో. యజమాని-నౌకరు అద్దంలో ఒకర్నొకరు చూసుకునే ఆట అంత బాగా రాసినాయనకి, ఆ అద్దంలోనే కనిపించే మూడో మనిషి ఆనలేదు. దీనికి నా దగ్గర సమాధానం లేదు.

బెంగుళూరు ఘట్టం పొట్టిదే గానీ పదునుగా ఉంటుంది. వ్యాపారం ఎలా మొదలెట్టాడనుకున్నారు? కంపెనీకి వెళ్ళి క్యాబులు నడుపుతానంటే, మాకు ఆల్రెడీ ఉన్నారు పొమ్మంటారు. తిన్నగా పోలీసు స్టేషనుకి వెళ్ళి సంచీలోంచి కొంత సమర్పించుకుంటాడు. మర్నాటికల్లా లైసెన్సుల్లేవని పాత ఆపరేటర్ల మీద దాడులు. సాయంత్రానికి వీడికి ఫోన్లు. క్వాలిస్‌లు కొంటాడు, మొత్తం 26 బళ్ళవుతాయి. (ఇప్పటి పిల్లలకి క్వాలిస్ తెలియదు. 2005లో ఇన్నోవా వచ్చేదాకా కాల్‌సెంటర్ అంటే క్వాలిస్సే.) పేరు కూడా మార్చుకుంటాడు, అశోక్ శర్మ అని. చంపినవాడి పేరు పెట్టుకుని దర్జాగా బతికేస్తాడు.

ఆ తర్వాత వీడి డ్రైవరు ఒకడు సైకిల్ మీద వెళ్తున్న కుర్రాణ్ణి గుద్ది చంపేస్తాడు. ఇప్పుడు యజమాని సీట్లో బలరాం. కేసు మాయం చేయిస్తాడు, అది పాత పద్ధతే. కానీ తన డ్రైవరు చేత ఏ కాగితం మీదా సంతకం పెట్టించడు. తప్పు నాది, నీది కాదంటాడు. చచ్చిపోయిన కుర్రాడి ఇంటికి స్వయంగా వెళ్ళి, తల్లిదండ్రుల ముందు తలొంచుకుని డబ్బు ఇస్తాడు, ఇంకో కొడుకుంటే డ్రైవరుగా పెట్టుకుంటానంటాడు. తల్లి డబ్బు వైపు చూడదు, తండ్రి చూస్తాడు. ఇది మెరుగా, లేక అదే కాగితానికి కొత్త టెంప్లేటా? రెండుసార్లు చదివినా నాకు తేలలేదు. రచయిత తేల్చకపోవడం మాత్రం నచ్చింది.

2021 జనవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా వచ్చింది, చాలామంది చూసే ఉంటారు. దర్శకుడు రామిన్ బహ్రానీ అడిగకి పాత స్నేహితుడు, నవల అంకితమిచ్చింది ఆయనకే. బలరాంగా వేసిన ఆదర్శ్ గౌరవ్ జంషెడ్‌పూర్‌లో పుట్టిన తెలుగు కుర్రాడు, ఆ పాత్రకి బాఫ్టా నామినేషన్ దాకా వెళ్ళాడు. సంతకం సీన్లో అతని మొహం చూడండి. నవ్వు అలాగే ఉంటుంది, కళ్ళు మాత్రం వెళ్ళిపోతాయి. నవల్లో ఇంగ్లీషు చేయలేని పని ఆ మొహం చేసింది. అయితే జోకులు సగం పోయాయి, హత్యల పత్రిక గురించిన వాత అసలు గుర్తుండదు. కాబట్టి ముందు పుస్తకం చదవండి. మూడొందల పేజీల చిల్లర, ఒక వారాంతం చాలు.

నా కాపీ ప్రస్తుతం లంచ్‌లో పరువు గురించి ఉపన్యసించిన ఆయన దగ్గరుంది. చదవకుండానే తిట్టాడని అప్పుడు తెలిసింది, అందుకే బలవంతంగా అంటగట్టాను. మొన్న అడిగితే మొదటి రాత్రి అయిపోయింది, డ్రైవరు భలే మాట్లాడుతున్నాడు అన్నాడు.